పందుల పెంపకంలో బాక్టీరియా కాలుష్యం: ఋణ దరఖాస్తులో కనిపించని ఖర్చు

పందుల పెంపకానికి ఋణం కోరుతూ బ్యాంకు శాఖకు వచ్చే ప్రాజెక్టు నివేదికను మీరు ఎప్పుడైనా చదివి ఉంటే దాని అమరిక మీకు తెలిసే ఉంటుంది. షెడ్డు నిర్మాణానికి ఇంత, ఆడ పందులు, మగ పందుల కొనుగోలుకు ఇంత, దాణాకు ఇంత, మందులకు ఇంత అని పద్దులు వరుసగా ఉంటాయి. ఏ ఈతలో పుట్టిన పిల్లలను అమ్మి మొదటి వాయిదా కడతారో కూడా అందులో లెక్క కట్టి ఉంటుంది. అయితే కొత్తగా కొన్న పందిని విడిగా ఉంచడానికి ఒక చిన్న గది, ద్వారం వద్ద కాళ్ళు కడుక్కొనడానికి ఒక కుళాయి, సందర్శకుల కోసం రెండు జతల రబ్బరు బూట్లు మాత్రం ఆ పద్దుల్లో సాధారణంగా కనిపించవు. మొత్తం పెట్టుబడిలో వీటి ఖర్చు అతి స్వల్పం. అయినా వాయిదాలు సక్రమంగా చెల్లించగలగడం చాలా సందర్భాల్లో వీటిపైననే ఆధారపడి ఉంటుంది. అది ఎలాగో మీకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం మన దేశంలో పందుల సంఖ్య సుమారు 90.6 లక్షలు. 2012 నాటి గణనతో పోల్చితే ఇది 12 శాతం తక్కువ. ఒక్క అస్సాం రాష్ట్రంలోనే దాదాపు 21 లక్షల పందులున్నాయి. ఝార్ఖండ్, మేఘాలయ రాష్ట్రాలు తరువాతి స్థానాల్లో ఉన్నాయి. ఈశాన్య రాష్ట్రాలలోను, ఛోటానాగపూర్ ప్రాంతంలోను గిరిజన కుటుంబానికి పంది అంటే ఇంటి వెనుక దాచుకున్న సొమ్ము. పిల్లల చదువుకు, పెళ్ళికి, ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకొనేది అదే. తెలుగునాట ఎరుకల కుటుంబాలు తరతరాలుగా ఈ వృత్తితో జీవిస్తున్నాయి. ఇటీవలి కాలంలో వారితోపాటు ఇతర వర్గాల యువకులు కూడా బ్యాంకు ఋణాలతో షెడ్లు కట్టి, యార్క్‌షైర్ వంటి విదేశీ జాతులను, తిరుపతి పరిశోధన కేంద్రంలో రూపొందించిన టి-17 వంటి సంకర జాతులను పెంచుతున్నారు.

ఆరుబయట తిరిగే పందిని షెడ్డులోకి తీసుకురావడం మంచి మార్పే. బయట తిరిగే పందులలో బద్దెపురుగుల బెడద ఎక్కువ. వాటి మాంసం ద్వారా అది మనుషులకూ సోకుతుంది. అయితే ఈ మార్పులో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. బయట తిరిగే పంది తన పెంటను వెనుక వదలి ముందుకు సాగిపోతుంది. ఆ పెంటను ఎండ ఎండగడుతుంది. షెడ్డులో అలా జరగదు. పది పందుల పెంట, మూత్రం, చిమ్మిన నీరు, నేలరాలిన దాణా ఒకే గచ్చుపై చేరుతాయి. నిజానికి పంది స్వభావరీత్యా మురికి జంతువు కాదు. తగిన చోటు ఉంటే పడుకొనే స్థలాన్ని పొడిగా ఉంచుకొని, తడిగా ఉన్న మూలకు పోయి విసర్జిస్తుంది. ఇరుకు గదిలో కుక్కినప్పుడు దానికి వేరే దారి లేక ఆ మురికిలోనే పడుకుంటుంది. కావున గదిలో నీటి తొట్టెను ఒక మూల అమర్చి, నేలను ఆ వైపుకు వాలుగా కట్టించుకుంటే సగం పని పందే చేసిపెడుతుంది.

బాక్టీరియా పెరిగే తీరు బ్యాంకుతో సంబంధమున్న వారికి సులభంగా అర్థమవుతుంది. అది చక్రవడ్డీ వంటిది. పందుల పేగుల్లో సహజంగానే నివసించే ఇ.కోలై అనే బాక్టీరియా, వెచ్చదనం, తేమ, ఆహారం సమృద్ధిగా దొరికిన చోట సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండింతలవుతుంది. ఒకే ఒక్క క్రిమితో మొదలైనప్పటికీ 7 గంటలలో 21 పర్యాయాలు రెండింతలై 20 లక్షలు దాటుతుంది. ఇక గచ్చు పగుళ్ళలో మిగిలిన పెంటలో ఉండేది ఒక్క క్రిమి కాదు, కోట్ల సంఖ్యలో ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి శుభ్రంగా కనిపించిన గది తెల్లవారేసరికి రోగాల పుట్ట కావడానికి ఇదే కారణం.

ఇ.కోలైలో అధిక భాగం హాని చేయనివే. కొన్ని రకాలు మాత్రం పిల్లల చిన్నపేగు గోడకు అంటిపెట్టుకొని విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని వలన శరీరంలోని నీరంతా పేగులోకి ఊరి, పిల్ల నీళ్ళ విరేచనాలతో నీరసించి ఒకటి రెండు రోజులలోనే చనిపోతుంది. పంది పిల్లకే ఈ ముప్పు ఇంత తీవ్రంగా ఎందుకుంటుందో తెలుసుకోవడం అవసరం. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి మాయ ద్వారా అందుతుంది. పందిలో మాయ నిర్మాణం అందుకు అనుకూలించదు. పంది పిల్ల రక్షణ లేకుండానే పుడుతుంది. ఆ రక్షణ దానికి జున్నుపాల నుండియే రావాలి. జున్నుపాలలోని రక్షక పదార్థాలను పేగు గోడ యథాతథంగా గ్రహించగలిగేది పుట్టిన తరువాత సుమారు 24 గంటల పాటే. ఆ తరువాత ఆ ద్వారం మూసుకుపోతుంది. అనగా, పుట్టిన తొలి దినాన పిల్ల నోటికి ముందుగా అందేది తల్లి చన్నా, లేక గచ్చుపైనున్న పెంటా అనేదానిపై దాని బ్రతుకు ఆధారపడి ఉన్నదన్నమాట.

చలి కూడా ఇందుకు తోడవుతుంది. పుట్టిన పిల్లకు సుమారు 32 నుండి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. తడి గచ్చుపై వణికే పిల్ల చురుకుగా పాలు తాగలేదు, పేగు కదలిక కూడా మందగిస్తుంది. ఈనే గదిలో ఒక మూల ఎండుగడ్డి పరచి, ఒక బల్బు వేలాడదీస్తే చలి సమస్య చాలావరకు తీరుతుంది. ఆ గడ్డిని తడిసిన వెంటనే మార్చాలి. ఈతకు ముందు తల్లి పొదుగును, వెనుక భాగాన్ని గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి తుడవడం ఐదు నిమిషాల పని. ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తలన్నింటిలోకి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదేనని నా అభిప్రాయం.

దీనిని రూపాయల లెక్కలో చూద్దాం. ఉదాహరణకు మీ ఫారంలో 10 ఆడ పందులున్నాయనుకోండి. ఏడాదికి రెండు ఈతలు, ఈతకు 9 పిల్లలు చొప్పున 180 పిల్లలు రావాలి. పారుడు వ్యాధితో ఈతకు కేవలం రెండు పిల్లలు పోయినా ఏడాదిలో 40 పిల్లలు తగ్గుతాయి. తల్లి పంది మాత్రం 114 రోజుల చూడి కాలంలోను, పాలిచ్చే కాలంలోను తన దాణా తాను తింటూనే ఉంటుంది. ఏడు పిల్లలు మిగిలినా తొమ్మిది మిగిలినా ఆ ఖర్చు పెద్దగా మారదు. కావున పోయిన ఆ 40 పిల్లలు మీ లాభంలో నుండి, ఆ తరువాత మీ వాయిదా సొమ్ములో నుండి పోతాయి.

ఇతర బాక్టీరియా వ్యాధులను క్లుప్తంగా చెప్పుకుందాం. క్లాస్ట్రీడియం వలన తొలి వారంలోనే పిల్లలకు రక్త విరేచనాలు కలుగుతాయి. సాల్మొనెల్లా పాలు మాన్పించిన పిల్లలను జ్వరంతోను, విరేచనాలతోను పట్టి పీడిస్తుంది. పాశ్చురెల్లా వలన న్యుమోనియా, గొంతువాపు వస్తాయి. చర్మంపై వజ్రాకారపు ఎర్రని దద్దుర్లు కనిపిస్తే ఎరిసిపెలాస్ అని అనుమానించాలి. బ్రూసెల్లా వలన చూడి పందులు ఈసుకుపోతాయి. వీటిలో కొన్ని మనుషులకూ సోకుతాయి. పందుల టాన్సిల్స్‌లో నివసించే స్ట్రెప్టోకోకస్ సూయిస్ అనే బాక్టీరియా 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో రెండు వందల మందికి పైగా సోకింది, ముప్ఫై మందికి పైగా మరణించారు. జబ్బుపడిన పందులను కోసినవారు, వాటి మాంసాన్ని ముట్టుకున్నవారు ఇందుకు ఎక్కువగా బలయ్యారు. చేతికి గాయమున్నప్పుడు ఈనే పందికి సాయపడడం గాని, చనిపోయిన పందిని తాకడం గాని చేయవద్దు. రబ్బరు తొడుగులు వాడండి.

ఇక అసలు విషయానికి వద్దాం. నేను తనిఖీకి వెళ్ళిన ఒక ఫారంలో యజమాని ప్రతి ఉదయం గదుల్లో ఫినాయిలు చల్లిస్తున్నారు. వాసన ఘాటుగా వచ్చేది. అయినా పిల్లలు పారుకొని చనిపోతూనే ఉన్నాయి. ఆయన ఫినాయిలు నాసిరకమని దుకాణదారుని తప్పుబట్టారు. కారణం అది కాదు. పెంట తీయకుండా, గచ్చు రుద్దకుండా పైనుండి మందు చల్లేవారు. ఏ క్రిమిసంహారకమైనా పెంటపై పడగానే ఆ పెంటతోనే కలిసి తన శక్తిని కోల్పోతుంది. బ్లీచింగ్ పౌడరు విషయంలో ఇది మరీ నిజం. క్రిమి వరకు చేరేది బహు స్వల్పం.

గది శుభ్రత ఒక క్రమంలో జరగాలి. ముందుగా పందులన్నింటినీ గది నుండి తరలించండి. పార, చీపురులతో పొడిగానే పెంట, గడ్డి పూర్తిగా ఎత్తివేయండి. తరువాత నీళ్ళు చల్లి కొన్ని గంటలు నాననివ్వండి. సబ్బు పొడి లేక చాకలి సోడా కలిపిన నీటితో గచ్చును, గోడలను మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు, తొట్టెల అడుగు భాగాలను గట్టి బ్రష్షుతో రుద్దండి. పెంటలోని జిడ్డును కరిగించేది సబ్బే. వట్టి నీళ్ళకు అది లొంగదు. చాకలి సోడా అయితే లీటరు నీటికి 40 గ్రాములు చాలు. ఆ పిదప మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. తడి గచ్చుపై మందు చల్లితే అది పలచబడి పనిచేయదు. ఆరిన తరువాతనే క్రిమిసంహారకం చల్లండి. కాస్టిక్ సోడా వాడదలచిన వారు 10 లీటర్ల నీటికి 200 గ్రాములు కలపాలి. ఇది చర్మాన్ని, కళ్ళను కాల్చివేస్తుంది, అల్యూమినియం పాత్రలను తినివేస్తుంది. కావున తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా దానిని ముట్టవద్దు, పందులను తిరిగి చేర్చే ముందు గదిని తప్పక కడగాలి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి. వెలువడే వాయువు ప్రాణాంతకం. చివరిగా గోడలకు చిక్కని సున్నం కొట్టించి, ఐదు నుండి ఏడు రోజుల వరకు గదిని ఖాళీగా, గాలి వెలుతురు తగిలేలా ఉంచండి.

ఈ ఖాళీ రోజులను దండగ అని భావించేవారు చాలామంది ఉన్నారు. షెడ్డు ఒక్క రోజు కూడా ఊరక ఉండరాదని వారి ఆరాటం. కాని ఇ.కోలైకి తేమ ప్రాణాధారం. ఎండిన గచ్చుపై దాని సంఖ్య వేగంగా పడిపోతుంది. ఏ సీసాలోను దొరకని మందు ఇది. అందువలననే ఒక గదిని ఒకేసారి నింపి, ఒకేసారి ఖాళీ చేసే పద్ధతిని పశువైద్యులు సిఫార్సు చేస్తారు. పెద్ద పిల్లలున్న గదిలోకి చిన్న పిల్లలను చేర్చుతూపోతే గది ఎన్నడూ ఖాళీ కాదు, వ్యాధి ఒక ఈత నుండి మరొక ఈతకు బాకీ వలె బదిలీ అవుతూనే ఉంటుంది. షెడ్డు కట్టేటప్పుడే ఒకే పెద్ద హాలు కాకుండా విడివిడి గదులుగా, వేర్వేరు కాలువలతో కట్టించుకోవడం ఇందుకు మార్గం. ఒక గది మురుగు మరో గది గుండా పారరాదు.

లోపలి శుభ్రత ఒక ఎత్తు అయితే, వెలుపలి నుండి రోగం రాకుండా చూడడం మరొక ఎత్తు. జీవభద్రత అని నిపుణులు వ్యవహరించేది ముఖ్యంగా దీనినే. క్రిమి తనంతట తాను నడచి రాదు. అది రాగల దారులు కొన్నే ఉన్నాయి, వాటిలో అతి పెద్దది కొత్తగా కొన్న పంది. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న పంది కూడా సాల్మొనెల్లాను, బ్రూసెల్లాను మోసుకురాగలదు. పేరున్న ప్రభుత్వ కేంద్రం నుండి కొన్నా సరే, సంతలో కొన్నా సరే, దానిని షెడ్డుకు దూరంగా ప్రత్యేక గదిలో 30 రోజులు ఉంచండి. దానికి మేత, నీరు పెట్టే బాధ్యత వేరొకరికి అప్పగించండి. అది వీలుకాకపోతే, ముందు షెడ్డులోని పనులన్నీ ముగించి చివరగా మాత్రమే ఆ గదికి వెళ్ళండి. ఊళ్ళో ఒకే మగ పందిని ఇంటింటికి త్రిప్పి దాటించే ఆచారం కొన్ని ప్రాంతాలలో ఉన్నది. బ్రూసెల్లా వ్యాప్తికి ఇంతకన్న సులువైన మార్గం లేదు. కృత్రిమ గర్భధారణ అందుబాటులో ఉన్న చోట దానినే ఎంచుకోవడం శ్రేయస్కరం.

2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో తొలిసారి బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. అది బాక్టీరియా కాదు, వైరస్. దానికి చికిత్స లేదు. అయినా అది ఫారంలోకి వచ్చే దారులు మాత్రం పైన చెప్పినవే: కొత్త పంది, మనుషుల బూట్లు, పందులను మోసే వాహనం, హోటలు ఎంగిలి. వ్యాధి నిర్ధారణ అయిన చోటు నుండి ఒక కిలోమీటరు పరిధిలోని పందులను వధించాలని ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక నిర్దేశిస్తున్నది. అనగా మీ పొరుగువారి అజాగ్రత్తకు కూడా మీ షెడ్డు ఖాళీ కావచ్చును. బాక్టీరియా కోసం మీరు మూసిన తలుపే ఈ వైరస్‌కు కూడా అడ్డుపడుతుంది. ఈ సంగతి తెలిసినవారికి బూట్ల ఖర్చు ఎక్కువ అనిపించదు.

హోటలు ఎంగిలి చౌకైన మేత. చిన్న రైతు దానిని మానుకోవాలని చెప్పడం సులభం కాని, ఆచరణలో కష్టం. వాడక తప్పనివారు ఉడికించి వాడాలి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం నిరంతరం కలుపుతూ కనీసం 90 డిగ్రీల వేడిలో 60 నిమిషాలు ఉడకాలి. ఒక పొంగు రాగానే దింపివేయడం ఉడికించడం కిందికి రాదు. పచ్చి ఎంగిలి తెచ్చిన డబ్బాలో ఉడికించినది తిరిగి పోయకండి. ఈ పొరపాటు నేను చాలా చోట్ల చూశాను.

ద్వారం వద్ద మందు నీటి తొట్టె కట్టించి, అందులో కాళ్ళు ముంచి రావడంతో సరిపెట్టుకోవడం మరొక పొరపాటు. బూటుకు అంటిన పెంటను ముందు నీటితో, బ్రష్షుతో కడగకపోతే ఆ తొట్టె అలంకారమే. మందు నీటిని రోజూ మార్చాలి, వానకు తడవకుండా పైకప్పు ఉండాలి. దీనికన్న షెడ్డులో వాడే బూట్లను షెడ్డులోనే వదలి రావడం మేలైన పద్ధతి. పందుల వ్యాపారి వాహనం ఫారం కంచె వెలుపలే ఆగాలి. అమ్మిన పందిని మీరే కంచె వరకు తోలుకొని వెళ్ళండి. వాహనం ఎక్కిన పంది తిరిగి దిగిరాకూడదు, బేరం కుదరకపోయినా సరే. ఎలుకలు దాణా గదికి చేరకుండా చూడాలి. అవి సాల్మొనెల్లాను, లెప్టోస్పైరాను వ్యాపింపజేస్తాయి.

నీటి విషయం చాలామంది మరచిపోతారు. బావి నీరు తేటగా ఉన్నంత మాత్రాన అది పరిశుద్ధమని కాదు. పెంటకుప్పకు దిగువన ఉన్న బావి మరీ అనుమానాస్పదం. వెయ్యి లీటర్ల తేట నీటికి సుమారు 4 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగి వాడవచ్చు. ట్యాంకును, గొట్టాలను ప్రతి ఖాళీ సమయంలో కడిగించండి. గొట్టం లోపల వ్రేలికి తగిలే జారుడు పొర బాక్టీరియా కట్టుకున్న ఇల్లే.

ఇన్ని శ్రమలు పడేకన్న ఒక మందు వేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఆ మార్గం నానాటికీ మూసుకుపోతున్నది. తరచుగా వాడిన యాంటీబయాటిక్‌కు బాక్టీరియా అలవాటుపడి లొంగకుండా పోతుంది. ఒక బాక్టీరియా సంపాదించిన ఆ శక్తి మరొక దానికి సంక్రమించగలదు. మనుషుల వైద్యంలో చివరి అస్త్రంగా దాచుకున్న కోలిస్టిన్‌ను ఆహారపు పశువులు, కోళ్ళు, చేపల పెంపకం కోసం తయారు చేయడాన్ని, అమ్మడాన్ని 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నిషేధించింది. పాలు మాన్పించిన పిల్లల పారుడుకు ఐరోపాలో మందు మోతాదులో వాడుతూ వచ్చిన జింక్ ఆక్సైడును అక్కడ 2022లో నిలిపివేశారు. జబ్బుపడిన పందికి వైద్యం అవసరమే. కాని ఏ మందు, ఎన్ని రోజులు అన్నది పశువైద్యుడు నిర్ణయించాలి, దుకాణదారుడు కాదు. మందు వేసిన పందిని వైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు మాంసానికి అమ్మకూడదు.

పంది చనిపోయినప్పుడు దానిని కోయవద్దు, కాలువలో పారవేయవద్దు, చౌకగా అమ్మవేయవద్దు. పూడ్చే ముందు పశువైద్యునికి కబురు చేయండి. కారణం తెలిస్తేనే మిగిలినవాటిని కాపాడుకోగలరు. బావులకు, వాగులకు దూరంగా ఆరడుగుల గోయి తీసి సున్నం చల్లి పూడ్చాలి. బీమా చేయించిన వారు చెవి పోగును, పశువైద్యుని ధృవపత్రాన్ని భద్రపరచుకోవాలి. జాతీయ పశుసంపద మిషన్ కింద పశుబీమా ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. దీనిని ఉపయోగించుకోండి.

అదే మిషన్ కింద 2021 నుండి 100 ఆడ పందులు, 10 మగ పందులు గల యూనిట్‌కు 50 శాతం మూలధన రాయితీ, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల వరకు లభించే ఏర్పాటు ఉన్నది. చిన్న రైతులకు 2018-19లో పశుపోషణకు విస్తరించిన కిసాన్ క్రెడిట్ కార్డు నిర్వహణ ఖర్చులకు అక్కరకు వస్తుంది. మీరు ఏ పథకం కింద దరఖాస్తు చేసినా, విడి గది, కంచె, ద్వారం వద్ద కుళాయి, బూట్లు, బ్రష్షులు, ఏడాదికి సరిపడు సబ్బు, సున్నం ఖర్చులను ప్రాజెక్టు నివేదికలో పేరుపేరునా చూపించండి. నివేదిక తయారు చేసేవారు వీటిని ఇతర ఖర్చులలో కలిపివేయాలని చూస్తారు. ఒప్పుకోకండి. పేరు లేని ఖర్చు డబ్బు బిగువైనప్పుడు మొదట కోతకు గురవుతుంది. ఈతల మధ్య గదిని ఖాళీగా ఉంచే రోజులను కూడా ఆదాయ అంచనాలో లెక్కించి, దానికి తగినట్లుగా వాయిదాల గడువు అడగండి.

తనిఖీకి వచ్చే బ్యాంకు అధికారి ఉదయం మరో ఫారం చూసి వచ్చి ఉండవచ్చు. ఆయనను కూడా ద్వారం వద్దనే ఆపి, ఎక్కడి నుండి వస్తున్నారో అడిగి, మీ బూట్లు ఇచ్చి, చేతులు కడిగించి లోనికి తీసుకువెళ్ళండి. ఆయన నొచ్చుకోరు. ఒకవేళ నొచ్చుకున్నా, పందులను కంచె బయటి నుండే లెక్కపెట్టుకొమ్మని చెప్పే హక్కు మీకున్నది.